మూడో అంతస్తు గది తాళంచెవి

ఏ గది ఎప్పుడు ఖాళీ అయిందో అందరికంటే ముందు తెలిసేది తాళాలవాడికి. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోగానే ఇంటి యజమాని నా దగ్గరికి వచ్చి తాళం మార్పించుకుంటాడు. కొత్తవాళ్ళు దిగాక మళ్ళీ వస్తాడు, రెండు మూడు తాళంచెవులు అదనంగా కోయించుకోవడానికి. ఈ రెండు రాకలకూ మధ్య ఎన్ని రోజులుంటే అన్ని రోజులు ఆ గది ఖాళీ. ఏ తలుపుకి ఏ తాళం బిగించానో, ఏ తేదీన ఎన్ని చెవులు కోశానో పుస్తకంలో రాసుకోవడం మొదటినుంచీ నా అలవాటు. గది లేదనిపించుకున్న మావాళ్ళు నా కొట్టు ముందునుంచే తిరిగి వెళ్ళేవారు. ఏ యజమాని అబద్ధమాడాడో ఇరవై మూడేళ్ళుగా నాకు తెలుస్తూనే ఉంది. నేనేమీ అనలేదు. తాళాలు మార్పించుకునేవాళ్ళు తెల్లవాళ్ళు. మేము నల్లవాళ్ళం. కొట్టు నడవాలి.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారు. ఈలోగా మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికి పంపేస్తారు. మా ఇంటినుంచి ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. రెండో నెలకే రెండు ఆలస్యాలు పడ్డాయి. ఆసుపత్రికి ఎదురుగా ఒక మూడంతస్తుల ఇల్లుంది. దాని యజమానిని మేమంతా మూడంతస్తులాయన అంటాం. ఆయన మూడో అంతస్తు గది ఖాళీ అయిందని పుస్తకం చూసి అమ్మాయిని నేనే పంపాను. అక్కడినుంచి వార్డుకు నాలుగు నిమిషాల నడక.

గది ఇచ్చేశారట నాన్నా అని అమ్మాయి వచ్చి చెప్పింది. ఆ సాయంత్రమే మూడంతస్తులాయన గేటు తాళానికి ఇంకో చెవి కావాలని వచ్చాడు. నర్సు నా కూతురని ఆయనకు తెలియదు. మిషన్ ఆడుతుంటే కబుర్లలో పడ్డాడు.

"పొద్దున ఒక నర్సమ్మ వచ్చిందయ్యా గది కోసం. ఇచ్చేశామని చెప్పి పంపించా. మనిషి మర్యాదస్తురాలే, కాదనను. కానీ మీవాళ్ళలో ఒకరు దిగితే వెనకే పదిమంది దిగుతారు. నిన్ను అనట్లేదులే, నువ్వు వేరు."

నేను చెవి అంచులు ఆకురాయితో రుద్దుతున్నాను. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. చెవి బాగా కుదిరింది.

మరుసటి నెల కండక్టరక్క వచ్చింది. బస్సు కండక్టరుగా రిటైరై మా పేటలో గదుల కమిటీ పెట్టిన మనిషి. మీటింగుల్లో ఇప్పటికీ లోపలికి జరగండి, తలుపు దగ్గర నిలబడొద్దు అంటుంది. వాళ్ళ పద్ధతి ఇది. ముందు మావాళ్ళలో ఒకరు వెళ్ళి గది అడుగుతారు. గంట తర్వాత తెల్ల మాస్టారొకాయన వెళ్ళి అదే గది అడుగుతాడు. ఎవరికి ఏం జవాబొచ్చిందో వేరువేరుగా రాసి సంతకాలు పెడతారు. ముప్ఫై ఒక్క గదులు అడిగితే ఇరవై ఆరు చోట్ల మావాళ్ళకు లేదన్నారు, మాస్టారికి తలుపు తీసి చూపించారు. ఆ ఇరవై ఆరులో మూడంతస్తులాయన ఇల్లూ ఒకటి. నగర సభ విచారణ పెట్టింది. అక్కడ యజమానులంతా ఒకటే చెప్పారు: ముందు ఎవరికో ఇచ్చేశాం, ఆ గంటలో వాళ్ళు వద్దన్నారు.

"ఇరవై ఆరు ఇళ్ళల్లో గంటలోనే మనసు మార్చుకున్నారట తమ్ముడూ. నా సర్వీసులో బస్సులు కూడా అంత టైముకి రాలేదు," అంది అక్క. ఆ గదులకు చెవులే కోయలేదని నా పుస్తకంలో ఉంటుంది కాబట్టి, తర్వాతి విచారణకు దాన్ని తెచ్చి నేనే చదవాలంది. ఆలోచించి చెబుతానన్నాను.

సంగతి ఎలా పొక్కిందో, మూడోనాడు మూడంతస్తులాయన వచ్చాడు. ఈసారి చేతిలో తాళం లేదు.

"నీ కూతురని ముందే చెప్పొద్దూ? మనమేమన్నా పరాయివాళ్ళమా? గది ఇంకా ఖాళీగానే ఉంది, రేపే దిగమను. నా ఇంటి సంగతి ఒక్కటి చదవకు, చాలు."

బేరం మంచిదే. ఒకవైపు మా అమ్మాయి ఉద్యోగం. ఇంకోవైపు పుస్తకం. ఒక్క ఇల్లు వదిలేశానని తెలిస్తే వాళ్ళ వకీలు మొత్తం పుస్తకాన్నే పక్కన పారేయిస్తాడు. అప్పుడు మిగతా ఇరవై అయిదు ఇళ్ళూ పోతాయి. రెండు రోజులు అటూ ఇటూ తూచాను. అమ్మాయిని అడగలేదు.

విచారణ రోజు హాల్లో నిలబడి గంటంపావు చదివాను. మూడంతస్తులాయన రెండో వరసలో కూర్చున్నాడు. వరసలో ఆయన ఇల్లు వచ్చింది, అదీ చదివాను. మూడో అంతస్తు గది, తాళం మార్చింది పన్నెండో తేదీ, ఆ తర్వాత చెవులు కోసింది లేదు. పేజీ తిప్పాను.

ఖాళీ గదుల జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించాలనీ, ముందు పేరు రాయించుకున్నవాళ్ళకే గది ఇవ్వాలనీ ఆర్డరు వచ్చింది. కమిటీవాళ్ళు నాకు దండ వేస్తామన్నారు, వద్దన్నాను. ఆర్డరుకి తొమ్మిది రోజుల ముందే రెండో బస్సు దారిలో ఆగిపోయి అమ్మాయికి మూడో ఆలస్యం పడింది. ఇప్పుడు నాతోపాటు కొట్లో కూర్చుంటోంది. యజమానుల్లో సగంమంది నా దగ్గరికి రావడం మానేశారు కాబట్టి ఇద్దరికి సరిపడా పని లేదు.

నిన్న ఫ్రిజ్‌లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చాడు, మావాడే. భార్యకు ఒకటి, తల్లికి ఒకటి, రెండు చెవులు కావాలన్నాడు. ఏ ఇల్లు అని అమ్మాయి పుస్తకం తెరిచి అడిగింది. ఆసుపత్రి ఎదురుగా, మూడో అంతస్తు అన్నాడు. రాసుకుంది. అతను బయట బల్లమీద కూర్చున్నాడు. ఆమె మిషన్‌కి చెవి బిగించి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ గది నాకిస్తానన్నాడట కదా నాన్నా. కండక్టరక్క చెప్పింది."

"అన్నాడు."

"నన్నడగలేదేం?"

"అడిగితే ఏమనేదానివి?"

మొదటి చెవి కోసింది. ఇత్తడి పొడి ఊదేసి, వెలుగుకి పట్టి చూసింది. రెండోదీ కోసింది.

"తీసుకునేదాన్ని," అంది.

తర్వాత ఆ కుర్రాణ్ణి పిలిచి రెండు చెవులూ చేతిలో పెట్టింది. కొత్తల్లో కాస్త బిగువుగా తిరుగుతాయనీ, మరీ పట్టేస్తే వెనక్కి తెమ్మనీ, రుద్ది ఇస్తాననీ చెప్పింది.