గాలాయన

ఆక్సిజన్ సిలిండరును భుజానికి వాల్చుకుని, అడుగు అంచు మీద దొర్లిస్తూ ఛాతీ వార్డులోకి వచ్చాడు గాలాయన. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆ ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. ఊపిరాడనివాళ్లకు గాలి మోసుకొస్తాడు కనుక గాలాయన. నెరిసిన గడ్డం, పచ్చగా మారిన రెండు వేళ్లు, బరువుకు ఒకవైపు దిగిపోయిన భుజం.

మంచాలు చాలక రోగులు నేల మీది చాపలకు దిగారు. తాపీపనివాడు, బస్సు డ్రైవరు, తాళాలు బాగుచేసే అతను. అందరూ ఇల్లు నడిపినవాళ్లే, అందరూ పొగ తాగినవాళ్లే. ఇప్పుడు వాళ్ల భార్యలు కూడా పనులు మానుకుని పక్కన కూర్చున్నారు.

"బాబాయ్, ఒక్క దమ్ము ఇప్పించవా?" మాస్కు పక్కకు లాగి అడిగాడు డ్రైవరు.

"నోర్మూసుకుని గాలి పీల్చు. నీ కొడుకు బడి మానేసి బళ్లు కడుగుతున్నాడట, తెలుసా?"

డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. అనకుండా ఉండాల్సిందనిపించింది గాలాయనకు. అంతలోనే దగ్గు తెర ముంచుకొచ్చి గోడనానుకున్నాడు.

"ఎక్స్‌రే తీయించుకోమని నెత్తీనోరూ కొట్టుకుంటున్నా," అంది నర్సమ్మ. "దీపం కింద చీకటంటే నువ్వే."

"నేను పడుకుంటే వీళ్లకి గాలెవరు తెస్తారమ్మా?"

అసలు భయం వేరు. ఆ ఫిల్ములో ఏముంటుందో చూడకుండానే తెలుసు. బయటపడితే కూతురు చదువు మానేసి పనికి పోతుంది. ఇంకొక్క ఏడాది లాక్కొస్తే ఆ పిల్ల టీచరమ్మ అవుతుంది.

మధ్యాహ్నం బట్టలుతికే గది వెనక ఒకటి ముట్టించాడు. రెండు దమ్ములకే కళ్లు బైర్లు కమ్మాయి. తనను తానే తిట్టుకుంటూ నలిపేశాడు.

తిరిగొచ్చేసరికి డ్రైవరు పెదాలు నీలంగా మారాయి. సిలిండరు అయిపోయింది. గాలాయన రొప్పుతూ కొత్తది దొర్లించుకొచ్చి బిగించాడు. మీటరు ముల్లు పైకి లేచింది. డ్రైవరు ఛాతీ ఎగసింది.

"హమ్మయ్య," అంటూ అక్కడే కూలబడ్డాడు.

"లే, బాబాయ్," అన్నాడు డ్రైవరు కాసేపటికి. గాలాయన లేవలేదు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి గుండె మీద నొక్కింది, మాస్కు పెట్టింది. ఊరందరికీ మోసిన గాలి అతనికి అందలేదు.

సాయంత్రం గాలాయన భార్య వచ్చింది. ఆయన చొక్కా ఆమె చేతికిచ్చారు. "పొగ మానేశానే, నీ మీదొట్టు," అనేవాడు రోజూ. నమ్మినట్టే తలూపేది. ఉతికే ముందటి అలవాటుతో ఇప్పుడూ జేబు తడిమింది. వాసన తెలియకుండా ఇంటి మలుపులో చప్పరించే పిప్పరమెంటు బిళ్ల, ఒంటి వేడికి మెత్తబడి, కాగితానికి అతుక్కుని ఉంది.