పడవ లాగే బండి

గోపాలపట్నం హైవే పక్కన పికప్ బళ్ళు అమ్మే షోరూములోకి సూరన్న వచ్చి నిలబడేసరికి, అక్కడి కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా పని తగులుకుంది. ఒకడు ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఇంకొకడు తుడిచిన బండినే మళ్ళీ తుడవసాగాడు. అరవై దాటిన మనిషి, మడిచి కట్టిన లుంగీ, ఉప్పుగాలికి రంగు తిరిగిన చొక్కా. ఈయన కొనేదా పెట్టేదా అనుకుని ఉంటారు. జయశీల అనే అమ్మాయి మాత్రం కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది.

"చెప్పండి సార్."

"ఏ బండి బాగా లాగుతాది తల్లీ?"

"ఏం లాగాలి సార్?"

"పడవ."

ఫోను చెవిన పెట్టుకున్నవాడు కూడా ఇటు తిరిగాడు. జయశీల నవ్వలేదు. పడవ బరువెంత, ఇంజిన్ దించి లాగుతారా ఉంచి లాగుతారా, ఒడ్డు ఎంత వాలుగా ఉంటుంది, అన్నీ అడిగింది. తర్వాత ఒకే బండిలో మూడు రకాలున్నాయని చెబుతూ వరసగా చూపించింది. మొదటిదానికి వెనక చక్రాలే తిరుగుతాయి. రోడ్డు మీద సరుకు తోలుకోవడానికి అది చాలు. రెండోదానికి నాలుగు చక్రాలూ తిరుగుతాయి. మూడోది ఇంకాస్త ఎత్తు, బురద టైర్లు, నెమ్మదిగా నడుస్తూ గట్టిగా లాగే లో గేరు, ఒక చక్రం జారినా రెండోది ఊరికే ఉండిపోకుండా వెనక రెంటినీ కలిపి పట్టే లాకు. పైగా తోలు సీట్లు, పెద్ద తెర, నల్లటి అద్దాలు.

"కాగితం మీద చూస్తే లాగే బరువు మూడింటికీ దగ్గర దగ్గరే సార్. తేడా అంతా కింద నేలలోనే ఉంటుంది. మీది ఏం నేల?"

"ఇసక తల్లీ. కాలెడితే పిక్క దాకా దిగిపోయే ఇసక."

"అయితే మొదటిది మర్చిపోండి."

"మర్సిపోను. ఆ మొదటి సిన్నదీ, ఆకరి పెద్దదీ రెండూ మా రేవుకి తీసుకురా. మా ఓళ్ళందరూ సూడాల."

అదీ సంగతి. మా వాళ్ళందరూ అని పైకి అన్నాడు గానీ, చూడాల్సింది ఒక్కడే. ట్రాక్టరైతే సగం ధరకే వస్తుంది కదా అని భీమిలి అవతల ఉన్న వాళ్ళ జాలరిపేటలో చిన్నపిల్లలు కూడా చెప్పారు. వింటేగా! ట్రాక్టరెక్కి నాగబాబు ఇంటి ముందు నుంచి వెళితే, ఆహా ట్రాక్టరు అనుకుని ఊరుకుంటాడు. ఇంతెత్తు బండిలో నల్లద్దాలు మెరిపిస్తూ వెళితే నాగబాబు కడుపు మండుతుంది. అరవయ్యేళ్ళు నెత్తిన పడ్డా మన సూరన్న బుద్ధి అక్కడే ఉంది. ఏం మనిషో!

ఈ నాగబాబు ఎవరో కాదు, సూరన్న భార్య ఈశ్వరికి తమ్ముడు. అక్కని అప్పా అని పిలిచేవాడు, ఆ పడవ కూడా అతనికి అప్ప పడవే.

వాళ్ళ ఒడ్డున జెట్టీ లేదు. వేట నుంచి వచ్చిన పడవని ఇసుక మీద పైదాకా లాక్కుని పెట్టుకోవాలి, లేకపోతే కెరటం అడ్డంగా తిప్పి పడేస్తుంది. రేవులో ఎవరుంటే వాళ్ళొచ్చి చెయ్యేస్తారు. ఎవరూ ఎవర్నీ బతిమాలరు. వెనక నుంచి తోసేవాళ్ళలో ఒకడు "హైలెస్సా" అని ఎత్తుకుంటాడు. ముందు తాడు పట్టిన పడవ యజమాని దానికి బదులు పలకాలి. పలికితే ఆ సాయం పుచ్చుకున్నట్టు. పలకలేదంటే, నీ చెయ్యి నాకొద్దు తీసెయ్యి అని పదిమందిలో మొహం మీద చెప్పినట్టు. అంతకంటే అవమానం ఆ పేటలో ఇంకోటి లేదు.

ఏళ్ళ తరబడి సూరన్న పడవ వెనక ఎత్తుకున్న గొంతు నాగబాబుదే. ఎంతమంది తోస్తున్నా, నాగబాబు చెయ్యి పడిన క్షణం ముందున్న సూరన్నకి తాడులో తెలిసిపోయేది. తాడు కొంచెం బతికినట్టయ్యేది. వెనక్కి తిరిగి చూడకుండానే "ఒచ్చినావేట్రా!" అని కేకేసి లాగేవాడు.

ఈశ్వరి జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. ఆ తర్వాత ఒక సాయంత్రం నాగబాబు రేవుకి ఆలస్యంగా వచ్చాడు, ఈలోగా కెరటం పడవని తిప్పేసింది, ఇంజిన్లోకి నీళ్ళు పోయాయి. సూరన్నకి ఒళ్ళు తెలీలేదు. అందరి ముందూ నోరు పారేసుకున్నాడు.

"నువ్వు సెయ్యెయ్యకపోతే నా పడవ ఒడ్డెక్కదనుకుంటన్నావేటి? ఇంకెప్పుడూ దీని మీద సెయ్యెయ్యకు!"

నాగబాబు తువ్వాలు దులుపుకున్నాడు. "అలాగే బావా. మళ్ళీ నువ్వు పిలిసినప్పుడే ఏత్తాను" అని వెళ్ళిపోయాడు.

ఈశ్వరి ఉంటే ఇద్దరికీ చెరో చీవాటు పెట్టి, ఆ పూటే పక్కపక్కన కూర్చోబెట్టి పులుసన్నం పెట్టేది. ఇప్పుడా ఇంట్లో చీవాట్లు పెట్టే మనిషే లేదు. సూరన్న ఒక్కడే వండుకుంటాడు, సగం తిని సగం కుక్కకి పెడతాడు. పగలంతా మాట్లాడేది కూలికొచ్చే ఇద్దరితో, అదీ వల గురించే. సాయంత్రం పడవ ఒడ్డుకి తగిలితే నాగబాబుతో వచ్చే గుంపు రాదు, ఆ కూలివాళ్ళూ ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి ఆయాసపడుతూ లాగుతారు. చెప్పొద్దూ, సూరన్నకి కావలసింది బండీ కాదు, గిండీ కాదు. తను పిలవకుండా నాగబాబు తనంతట తాను వచ్చి ఆ పడవ మీద చెయ్యి వెయ్యాలి. అదొక్కటే కావాలి. పిలిస్తే వచ్చేవాడే. ఆ పిలుపే సూరన్న గొంతు దాటి రాలేదు.

పడవని లాగుతుంటే వీడియో తీసుకుంటే పనికొస్తుందని షోరూము మేనేజరు ఒప్పుకున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక జయశీల పెద్ద బండి తోలుకుంటూ, వెనక డ్రైవరు చిన్న బండి తోలుకుంటూ రేవుకి వచ్చారు. పేటంతా కదిలొచ్చింది. వలలు బాగుచేసే పాక కింద నాగబాబు కూర్చుని ఉన్నాడు. బళ్ళ వైపు తలెత్తలేదు. సూరన్న చూడనట్టే చూశాడు.

చిన్న బండే ముందు పెట్టించి, తనే తోలడానికెక్కాడు. వేట నిషేధం రోజుల్లో తగరపువలసకి సరుకు ఆటో తోలిన చెయ్యి అతనిది, స్టీరింగు కొత్త కాదు. పడవ ముక్కుకి తాడేసి బండి కొక్కేనికి తగిలించారు. తొక్కాడు. బండి నాలుగడుగులు కదిలింది, వెనక చక్రాలు అక్కడే తిరిగి తిరిగి ఇసుకలో గొయ్యి తవ్వుకుని కూర్చున్నాయి. పడవ అంగుళం కదల్లేదు. జనం గొల్లుమన్నారు. నవ్వుతూనే తాడు విప్పేసి, ఒకరి వెనక ఒకరు పరిగెత్తుకొచ్చి బండికి చెయ్యేశారు. ఒడ్డున ఇరుక్కున్నది పడవైతేనేం, బండైతేనేం? సూరన్న అద్దం దించుకుని తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. ఒక్కొక్క మొహమే వెతుక్కున్నాడు. నాగబాబు పాక కింద నుంచి లేవలేదు, వల మీద వంగే ఉన్నాడు.

ఇంత జనం వచ్చారు, వాడొక్కడు రాలేదు. సరే, పోనీ, వాడక్కర్లేదు, ఎవడూ అక్కర్లేదు అనుకున్నాడు సూరన్న. బండి బయటపడగానే దిగి, గట్టిగా తలుపేసి పెద్ద బండెక్కాడు.

జయశీల తాడు దీనికి కట్టించి, టైర్లలో కొంచెం గాలి తీయించి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "చక్రాలు ఇసుక చిమ్ముతాయి బాబాయ్, అద్దాలు ఎక్కించెయ్యండి. నేను లో గేరు, లాకు వేస్తాను. మీరు తిన్నగా ముందుకే చూడండి. మధ్యలో ఆపారంటే దిగబడుతుంది" అంది.

అద్దాలు పైకెక్కాయి. సముద్రం నోరు మూసేసినట్టు చప్పుడంతా ఆగిపోయింది. ఏసీ చల్లగా మొహానికి కొట్టింది. ఇంక వెనక్కి చూసేదేముందిలే అని సూరన్న ఎదురుగా ఉన్న సరుగుడు చెట్ల మీదే చూపు పెట్టి నెమ్మదిగా తొక్కాడు. బండి ఒకసారి మూలిగి, ఊపిరి బిగపట్టి కదిలింది. ఎక్కడా జారలేదు, ఆగలేదు. లాగుతున్నది పడవో, ఖాళీ బుట్టో స్టీరింగులో ఏమీ తెలియలేదు. చూస్తుండగానే సరుగుళ్ళ దాకా వచ్చేశారు.

"అయిపోయింది బాబాయ్! చూశారా?" అని జయశీల చప్పట్లు కొట్టింది.

సూరన్న నవ్వుతూ దిగాడు. పేటంతా ఈలలేస్తుందనుకున్నాడు. ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. దూరంగా నాగబాబు వీపు కనిపించింది, ఇంటి వైపు పోతున్నాడు. మోకాళ్ళ దాకా ఇసుక.

చేపలమ్మే గంగాలమ్మ బుట్ట దింపి ముందుకొచ్చింది. ఆ పేటలో ఎవర్నైనా కడిగెయ్యగల నోరు ఆవిడది.

"ఏటి సూరన్నా, అంత కావరమేటి నీకు? పాపం, పలికితే నీ సొమ్మేటి పోయిందిరా?"

"ఎవులికి పలకాలే?"

"ఎవులికంతావేటి? నీ బావమరిదికి! బండిని తోసినప్పుడు రాలేదు. పడవకి తాడు కట్టగానే మాత్రం 'మా అప్ప పడవ' అంటూ పరుగెత్తుకొచ్చి బుజం పెట్టినాడు. కిందనుంచి ఇక్కడిదాకా హైలెస్సా, హైలెస్సా అని గొంతు పోయీలాగ అరిసినాడు. ఎవులం గొంతు కలపలేదు, నువ్వు పలకాల కదా అని సూత్తన్నాం. నువ్వు మెడ తిప్పితేనా!"

సూరన్న పడవ వెనక్కి నడిచాడు. పడవ అడుగు గీసిన చాలు పక్కనే, నీటి అంచు నుంచి పైదాకా, మడమలు గుచ్చి గుచ్చి తన్నిన గుంటలు. బలమంతా పెట్టి తోస్తే గానీ అంత లోతు పడవు. అన్నీ ఒక్క మనిషి కాళ్ళే. ఏడాదిగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది ఇందుకే. అది జరిగింది, తన వెనకాలే జరిగింది, తను చల్లగా కూర్చుని సరుగుడు చెట్లు చూశాడు.

ఇసుకలో తూలుతూ పరిగెత్తాడు. నాగబాబు గుమ్మం ముందు గోలెంలో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఒరే నాగా, అద్దాలేసీసుకున్నాన్రా. ఇనబడలేదు. మీ అప్ప మీదొట్టు, ఇనబడలేదు."

"తెలుసు బావా. ఇనబడితే పలకవా ఏటి? అంత సెడ్డోడివి కావు."

కోపంగా అన్నా బాగుండేది. నాగబాబు మామూలుగా అన్నాడు. సూరన్న ఇంకో అడుగు ముందుకేశాడు.

"మరి రేపు రారా. నానే పిలుత్తన్నాను. ఇదిగో, నోరిప్పి పిలుత్తన్నాను, రా."

నాగబాబు చెంబు పక్కన పెట్టాడు.

"ఎన్నేళ్ళు తోసాను బావా! ఎప్పుడూ నువ్వు ఎనక్కి సూసీవోడివి కాదు. సెయ్యి పడితే సాలు, తెలిసిపోయీది నీకు. ఇయ్యాల పేణం పెట్టి తోసినా తెలీలేదు. నీ తప్పు కాదు. కానీ అందరి ముందూ పిలిసి, పలికించుకోలేక ఒచ్చినాను. ఇంక ఆ పడవ మీదికి నా సెయ్యి లెగదు బావా. లెగమన్నా లెగదు."

"ఆ బండి కొనన్రా! ఒద్దు, పంపించేత్తాను!"

"కొనుక్కో బావా" అన్నాడు నాగబాబు. నిజంగా అతని మంచి కోరే అన్నాడు. "కొనకపోతే ఎలగ? నాను రాను. మరి అప్ప పడవ ఎవులు లాగుతారు?"

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. గట్టిగా వెయ్యలేదు, చప్పుడు కూడా కాలేదు. సూరన్న ఆ గుమ్మంలో ఇంకాసేపు నిలబడ్డాడు. పిలిస్తే వచ్చేవాడు కదా, నిన్నటి దాకా పిలిస్తే వచ్చేవాడు కదా అని లోపల ఒకటే మాట తిరుగుతోంది.

రేవుకి తిరిగొచ్చేసరికి జనం ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. ఒడ్డున పడవ, రెండు బళ్ళు, జయశీల మిగిలారు. ఆ అమ్మాయి అతని మొహం చూసి ఏదో అడగబోయి, ఆగి, మాట మార్చింది.

"ఏది నచ్చింది బాబాయ్? ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి."

సూరన్న పడవ అంచు మీద చెయ్యేసి దాన్నొకసారి ముందుకి తోసి చూశాడు. కదల్లేదు.

"పెద్దదే రాసుకో తల్లీ" అన్నాడు. "ఇంక అది లేకపోతే కుదరదు."