ఎదురు వరుస అందుకోలేదు

మందుల కంపెనీ దొరలారా, మీ వల్లే జరిగింది ఇది. గడ్డపోతారం పొలాలు తీసుకున్ననాడు వేలిముద్ర చాలన్నది మీరే. ఇంటికొక ఉద్యోగమని మాట ఇచ్చి, తీరా ఇవ్వాల్సిన రోజు వచ్చేసరికి, ఇంగ్లీషులో రెండు వాక్యాలు కలిపి రాస్తేనే ప్యాకింగులోకి రానిస్తామన్నదీ మీరే. మందుసీసాకు మూత బిగించడానికి ఇంగ్లీషు కామా ఎందుకో మీలో ఒక్కడూ చెప్పలేదు.

ఇది ఈ ఏడాది, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, జరిగిన సంగతి. పొలం పోయినవాళ్లలో నర్సింహమ్మ ఒకతె. భర్త సంగయ్యకు అక్షరం రాదు. ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. ఆ ఉద్యోగం రాకపోతే ఆ ఇంటికి తిండి లేదు. ఆమెతో నాట్లకు పోయే మరో నలుగురు ఆడవాళ్ల గతీ అదే.

పరీక్ష సంగతి విని దయావతి టీచర్ వచ్చింది. చర్చి బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి. ఎవరూ పిలవలేదు. చేతిలో పుస్తకం లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి వాళ్లతో పాటు మడిలో దిగింది. నాటు వేసేటప్పుడు ఒక వరుస పాట ఎత్తుకుంటుంది, ఎదురు వరుస అందుకుని ముగిస్తుంది. ఎత్తుకున్నవాళ్లు ముగించరు. అది అక్కడి పద్ధతి. టీచర్ ఆ పద్ధతినే పాఠం చేసింది. నేర్పడానికి ముందు బురదలో నిలబడి నేర్చుకున్న చదువుకున్న మనిషిగా నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

చర్చి వరండాలో ఆడవాళ్లు రెండు వరుసలు కట్టారు. ఒక వరుస ఇంగ్లీషులో 'సైరన్ కూసింది' అంటే, ఎదురు వరుస 'మేము లోపలికి పోయాము' అనాలి. మధ్యలో 'అండ్' రెండు వరుసలూ కలిసి అనాలి. దానికి ముందు, కట్టలోంచి నారు అందుకునేంత సేపు ఆగాలి. ఆ ఆగడమే కామా.

"ప్రతిసారి ఆగాల్నా టీచరమ్మా?" రాధమ్మ అడిగింది. ఆమె ఆ నలుగురిలో ఒకతె, ఎదురు వరుస మనిషి.

"లేదమ్మా. అటుపక్క గూడ చేసేటోళ్లెవరో చెప్పినవనుకో, ఆగు. ఒక్క మనిషినే చెప్పి రెండు పనులు చేయిస్తే, ఆగకుంట పో. 'బట్'కు గూడ గంతే."

"గట్లయితే నా ఇంట్ల కామా పనే లేదు," అంది నర్సింహమ్మ. "వండేది నేనే, కడిగేది నేనే. సంగయ్య వాక్యంలకే రాడు."

"రానియ్యి వదినె, జెర బువ్వ కాడికన్న రానియ్యి," అంది రాధమ్మ. టీచర్ కూడా నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

పరీక్ష రోజు ఆఫీసరు నరసరాజు ఒక్కొక్కరినే లోపలికి రమ్మన్నాడు. మొదట నర్సింహమ్మ పోయింది. సైరన్ వాక్యం రాసింది. కామా పెట్టింది, 'అండ్' రాసింది. పెన్ను కింద పెట్టి తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, ఇంతేనా?" అన్నాడు ఆఫీసరు.

ఆమె ఇంకా తలుపు వైపే చూస్తోంది. ఆయన కాగితం లాక్కున్నాడు. మిగిలినవాళ్లూ ఇట్లాంటివాళ్లే అని, పరీక్ష పెట్టకుండానే నలుగురినీ గేటు బయటికి పంపించాడు.

"ఏమైందే వదినె?" రాధమ్మ అడిగింది.

"నా వరుసది నేను రాసిన. నువ్వు అందుకుంటవని ఆగిన."

టీచర్ ఆ మాట వింది. ఇంకొకరైతే నర్సింహమ్మ మందమతి అని తప్పించుకునేవారు. ఆమె నేరుగా లోపలికి పోయింది.

"తప్పు నాది సార్. జంటగా నేర్పిన. మీ ప్యాకింగులో ఒక్కతే పని చేస్తదా?"

"లేదండి. ఒకరు సీసా పెడతారు, ఎదురుగా ఒకరు మూత వేస్తారు."

"మరి జంట పనికి ఒంటి పరీక్ష ఏంది?"

"రూలు," అన్నాడాయన, ఫైలు మూస్తూ.

ఆ సాయంత్రమే టీచర్ వరుసలు చెరిపేసింది. "ఇగ ఎదురు వరుస లేదు. రెండు పక్కలూ ఎవరికి వాళ్లే అనాలె."

నర్సింహమ్మ నడుమకు వచ్చి నిలబడింది. పాఠంలో లేని వాక్యం ఎత్తుకుంది.

"ఐ గేవ్ మై ల్యాండ్."

ఆమె చేయి నారు అందుకుంటున్నట్టు గాలిలో ఆగింది. రాధమ్మ అలవాటుకొద్దీ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"బట్ యు డిడ్ నాట్ గివ్ మి మై జాబ్."

టీచర్ దిద్దడానికి ఏమీ లేక, ఆమె భుజం మీద చేయి వేసింది.

దొరలారా, ఆ వాక్యం వరండాలోనే ఉండిపోకూడదు. రూలే కావాలంటే పరీక్ష మళ్లీ పెట్టండి, అయిదుగురికీ పెట్టండి, దయావతి టీచర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి పెట్టండి. మొదటి ప్రశ్న నర్సింహమ్మను అడగండి. ఆమె చెప్పిన దానికి జవాబు ఉద్యోగం కాగితంతోనే ఇవ్వండి.