మూతకి పెట్టిన అగ్గిపుల్ల

"మిషన్ ఆగేదాకా చేతులు కట్టుకుని నుంచుంటావేంటి? మూత తెరిచే తిప్పు" అన్నారు మా ఆయన రవికిరణ్, తాగేసిన టీ గ్లాసు నా చేతికిస్తూ. మామిడి కోతల రోజులు. చాట్రాయి వైపు తోటలకి వెళ్ళే జనం పరగడుపున రక్తమిచ్చి, రిపోర్టు కోసం తొందరపెడతారు. నూజివీడులో మా ల్యాబు బోర్డు మీద పేరు ఆయనది. సూది గుచ్చడం, ట్యూబులు కడగడం, సెంట్రిఫ్యూజ్ తిప్పడం, మధ్యలో ఇంటికి పరిగెత్తి కుక్కర్ పెట్టి రావడం నావి.

ఆ మిషన్ రక్తాన్ని గిర్రున తిప్పి సీరం వేరు చేస్తుంది. మూత మూస్తేనే అంచున స్విచ్ నొక్కుకుని మోటారు కదులుతుంది. చక్రం ఆగేదాకా మూత రాదు. చుట్టూ ఉక్కు గోడ, లోపల గాజు పగిలినా ముక్క బయటికి రాకూడదని. మూత మూయకపోయినా స్విచ్ నొక్కుకునే ఉండేలా ఆ సందులో ఆయన అగ్గిపుల్ల దోపారు. ఇక మూత తెరిచే ఉంటుంది, వేగం కాస్త తగ్గగానే చక్రాన్ని నేను చేత్తో ఆపెయ్యాలి.

పోయిన నెల ట్యూబు పగిలి గాజుముక్క నా కనుబొమ్మలో దిగింది. ఆయన లోపలికొచ్చి అడిగిన మొదటి మాట, "ఎవరి శాంపిల్ పోయింది?" మా అత్తగారు సీతారావమ్మ గారు కట్టు చూసి, "ఎల్లుండి పెళ్ళికి ఈ మొహంతో ఎలా వస్తావమ్మాయ్, నలుగురూ అడిగితే నేనేం చెప్పను?" అన్నారు. నొప్పిగా ఉందా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కూర తరుగుతుంటే ఏడుపొచ్చింది, దెబ్బకి కాదు. ఈ మిషన్ తయారుచేసినవాళ్ళెవరో నా మొహం ఎరగరు. అయినా దీని ముందు ఒక మనిషి నిలబడుతుందని, ఆ మనిషికి కళ్ళుంటాయని తలుచుకున్నారు. నాతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ తలపు రాలేదు.

ఇవాళ సర్వీసుకి మెకానిక్ రత్నబాబు వచ్చాడు. పుల్ల బయటికి లాగి, "ఎవరండీ ఇది పెట్టింది? కళ్ళు పోతాయి!" అన్నాడు.

"మా ఆవిడే. తనకి ఓపిక తక్కువ" అని నవ్వారు మా ఆయన. నన్నూ నవ్వమన్నట్టు చూశారు. పెళ్ళైనప్పటినుంచీ ఆయన తప్పులన్నిటికీ అలా నవ్వుతూనే వచ్చాను. ఇవాళా నవ్వబోయాను, సిగ్గులేకుండా. పెదవి కదల్లేదు.

"ఇంకెప్పుడూ పెట్టకండమ్మా" అని నాకే చెప్పి వెళ్ళాడు రత్నబాబు. అతని బండి కదలగానే మా ఆయన అగ్గిపెట్టె నా ముందుకు చాపారు. "పెట్టు. బయట జనం తిట్టుకుంటున్నారు."

నేను అందుకోలేదు. ట్యూబులు సర్ది, మూత మూసి, బటన్ నొక్కి బయట గదిలోకి వచ్చాను.

"రిపోర్టులు ఆలస్యమవుతాయండీ" అన్నాను బెంచీల మీద కూర్చున్నవాళ్ళతో, లోపలికి వినపడేలా. "ఇన్నాళ్ళూ మా ఆయన మిషన్ మూత తెరిచి తిప్పించారు. నాకీ దెబ్బ అలాగే తగిలింది. ఇకమీదట నేను మూసే తిప్పుతాను. మరీ తొందరున్నవాళ్ళు చెప్పండి, మూత తెరిచి ఆయనే తిప్పుతారు."