బావ లేని ఓడ

"చిల్లర ఇవ్వండమ్మా, చిల్లర!" అంటూ రేవులో టికెట్ల కిటికీ వెనక రచయిత టికెట్లు చింపుతున్నాడు. వేళ్ళకి సిరా మరకలు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. ఈయన సముద్రపు నవలలంటే జనం పడి చస్తారు, రెండు సినిమాలు కూడా వచ్చాయి. అయినా కిటికీ ముందు మాత్రం "త్వరగా కానియ్యవయ్యా!" అని కసురుతారు.

ఇవాళ ఆయనకి అవేం పట్టవు. మూడో సినిమా విడుదల. ఓ పూట సెలవు పెట్టి అక్కని తీసుకెళ్ళాలి.

ఆ నవలలన్నిటికీ మూలం అక్క మొగుడే. ఓడ బాయిలరు గదిలో బొగ్గు వేసేవాడు. ఆవిరి గొట్టం పగిలితే, ఒళ్ళు కాలిపోతున్నా వాల్వు కట్టేసి, ఓడంతటినీ బతికించి తను పోయాడు. పతకం మాత్రం కెప్టెన్‌కి ఇచ్చారు! అక్కకి బావ చొక్కా కూడా చేరలేదు. తోటివాళ్ళు చెప్పింది విని, పంతం పట్టి రాశాడీయన. రెండు సినిమాలవాళ్ళూ బాయిలరు గది ఊసే ఎత్తలేదు. ఈసారి దర్శకుడు బావని చూపిస్తానని చేతిలో చెయ్యేసి మరీ మాటిచ్చాడు.

హాల్లో అక్క కుర్చీ అంచున కూర్చుంది. తెరమీద గొట్టం పగిలింది. తెల్ల దుస్తుల్లో కెప్టెన్ నిచ్చెన దిగి, వాల్వు కట్టేశాడు. ఒకటే ఈలలు!

"ఒరేయ్, మీ బావ ఏడిరా?"

ఆయన దిగ్గున లేచాడు. "ఆపండి! అబద్ధం!"

"కూర్చోవయ్యా, తెరకి అడ్డం!" అన్నారు వెనక నుంచి.

మొదటి ఆటకి వచ్చిన దర్శకుణ్ణి బయట వరండాలో నిలదీశాడు.

"హీరో ఉండగా ఎవడో బొగ్గోడు ఓడని కాపాడితే జనం ఒప్పుకుంటారా సార్?" అంటూ అతను నవ్వి, గుర్తుగా ఉంచుకోమని సినిమాలో వాడిన కెప్టెన్ టోపీ ఆయన చేతిలో పెట్టాడు.

"అయితే నా పేరు తీసెయ్!"

"పోస్టర్లు అచ్చయిపోయాయి సార్."

తిరిగొచ్చే బస్సులో కూడా ఆయన కోపం చల్లారలేదు, గుండె రుద్దుకుంటూనే ఉన్నాడు. టోపీని పక్క సీట్లోకి గిరాటేశాడు.

"వాళ్ళ సోది మనకెందుకురా," అంది అక్క. "నువ్వు చెప్పు. మీ బావ ఏం చేశాడు?"

చెప్పాడు. అందరూ నిచ్చెనెక్కి పారిపోతుంటే బావ వెనక్కి తిరిగాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఆ వేడిలో వాల్వుని తడుముతూ...

మాట ఆగింది. తల అక్క భుజం మీదికి వాలింది.

"ఊఁ, తర్వాత?" అంది అక్క. చెంప తట్టి, మెల్లిగా, "చెప్పరా..." అంది.

ఊపిరి ఆగిపోయిన ఆయన్ని నలుగురూ పట్టి దింపుకెళ్ళాక, ఖాళీ సీటు మీద టోపీ ఒక్కటే మిగిలింది, ఎక్కడా మసి మరకన్నది లేకుండా, తెల్లగా.