జరిపిన బిళ్ళ

మా చిన్నదాని గోల్ఫ్ సంచి ఈ సీజనంతా మోసింది నేనే. కుట్టుమిషనుకు మూతేసి, టోర్నమెంట్ టోర్నమెంటుకూ దాని వెంట తిరిగాను. అది ఆడేది చిన్న టూర్, అంటే కింది స్థాయి పోటీల వరస. సీజన్ చివర మొదటి అయిదుగురికే పెద్ద టూర్‌లో చోటు. "అమ్మా, ఆట జరిగేటప్పుడు మాత్రం నువ్వు మాట్లాడకు," అని అది ఒక్కటే షరతు పెట్టింది. నా నోటికి తాళం వేయడం మా అత్తగారి వల్లే కాలేదు. అయినా దానికోసం ఒప్పుకున్నాను.

ఆఖరి పోటీలో ఆఖరి హోల్, అంటే బంతి వేయాల్సిన చివరి గుంత. అయిదో చోటు కోసం మా చిన్నదీ, దానితో కలిసి ఆడుతున్న ఓ పొడుగుపిల్లా సమానంగా ఉన్నారు. గుంత దగ్గర పొడుగుపిల్ల తన బంతి తీసి, గుర్తుకి చిన్న బిళ్ళ పెట్టింది. అది మా దాని బంతి వెళ్ళే దారికి అడ్డం. మా పిల్ల జరపమని అడిగితే కర్ర తల వెడల్పంత పక్కకు జరిపింది. మా చిన్నది కొట్టిన బంతి గుంత అంచు దాకా వెళ్ళి ఆగింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంకో దెబ్బకు లోపల వేసింది.

ఇక పొడుగుపిల్ల వంతు. ఇది పడితే చోటు తనదే. ఆ కంగారులో బిళ్ళను మళ్ళీ మొదటిచోటికి జరపడం మరిచి, అక్కడే బంతి పెట్టేసింది. అక్కణ్ణుంచి కొడితే రెండు దెబ్బల జరిమానా, చోటు మాది. కొట్టవే తల్లీ, తొందరగా కొట్టు అని లోలోపలే మొక్కుకున్నాను.

"అక్కా, ఆగు. బిళ్ళ వెనక్కి జరపలేదు," అంది మా చిన్నది.

పొడుగుపిల్ల మొహం పాలిపోయింది. బంతిని సరైన చోట పెట్టుకుని కొట్టింది. పడింది.

"నీకేమైనా పిచ్చా? ఏడాది కష్టమంతా మట్టిపాలు చేశావు కదే," అన్నాను, ఇద్దరమే మిగిలాక.

"జరపమన్నది నేనే కదమ్మా. గుర్తుచేయాల్సిందీ నేనే." దాని కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు వణకలేదు.

బహుమతులిచ్చే చోట నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి నవ్వుతూ, "ఊరుకుంటే గెలిచేది. ఎవరి పిల్లో గానీ ఒట్టి వెర్రిబాగుల్ది," అన్నాడు.

ఇందాక నేనన్నదీ దాదాపు అదే. అయినా ఒళ్ళు మండిపోయింది.

"నా పిల్లండీ," అన్నాను.

ముందు వరసలో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. చూడనిచ్చాను.