వదిన మొక్క, మరదలి మట్టి

పరిశోధనశాల వెనక అద్దాల గదిలో వదిన పెంచుతున్న పూలమొక్క అడవిలో దాదాపు కనుమరుగైపోయింది. వేళ్లు కదిపి చోటు మారిస్తే బతకదు. పై అంతస్తులో ఆమె మరదలు, అంటే భర్త చెల్లెలు, మట్టిలో బతికే ఒక బాక్టీరియాను పెంచుతోంది. పంటలకు పట్టే వేరుకుళ్లు తెగులును అది ఆపుతుందని తేలాక అందరి కళ్లూ దానిమీదే పడ్డాయి.

అద్దాల గది పడగొట్టి, ఆ చోట మరదలికి కొత్త ల్యాబు కట్టించాలని డైరెక్టర్ అనుకున్నాడు. మొక్కనూ బాక్టీరియానూ పోల్చి, ఏది ఎక్కువ పనికొస్తుందో మీటింగులో చెప్పమని మరదలికే పురమాయించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతున్న వదిన మరదలివైపు తిరక్కుండానే అంది.

"నా మొహం చూసి మొహమాటపడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తాలే వదినా. నీకు నచ్చకపోయినా చెప్తా."

"నచ్చకపోతే నాలుగు రోజులు మాట్లాడను. అంతేగా."

మీటింగులో మరదలు లేచి నిలబడింది.

"పోల్చమన్నారు, పోల్చాను. ఒకటి పూట తిరక్కుండా కోట్లకు పెరుగుతుంది. ఇంకోటి ఏళ్ల తరబడి కాచుకుంటే గానీ పూయదు. మొదటిది కంటికి కనబడదు. మనం ఇలాగే ఉంటే రెండోదీ కనబడదు."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నా బాక్టీరియా ఈ మొక్క వేళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకలేదు."

"సీసాల్లో దాచారుగా," అన్నాడు డైరెక్టర్.

"దాచాం. సీసాలో ఉన్నకొద్దీ దాని సత్తువ తగ్గిపోతోంది. మళ్లీ ఆ వేళ్ల దగ్గర వదిలితేనే కోలుకుంటోంది. అదలా ఉంచండి. ఇదేదీ లేకపోయినా, ఆ మొక్కను చంపి కట్టిన గదిలో నేను అడుగుపెట్టను."

"అయితే ల్యాబు వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుంది."

"ఇచ్చుకోండి. పడగొట్టడానికి వచ్చిన రోజు నేనూ మా వదినా లోపలే ఉంటాం."

అన్నట్టే ఉన్నారు. గడ్డపారలతో వచ్చిన మేస్త్రీకి మొక్కల మధ్య కుర్చీలేసుకుని కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. తలుపుకు లోపలినుంచి గడియ. బతిమాలాడు, విసుక్కున్నాడు. చివరికి డైరెక్టర్‌కి ఫోన్ చేసి, "మనుషుల నెత్తిన అద్దాలు పడేయడం నావల్ల కాదు సార్," అని పనివాళ్లను వెనక్కి తీసుకుపోయాడు.

కొత్త ల్యాబు పాత కార్ల షెడ్డు చోట లేచింది. దాని తాళాలు ఇంకొకరి చేతికి వెళ్లాయి. మరదలిని మెట్ల కింద ఇరుకు గదిలోకి మార్చారు.

ఆమె సామాను సర్దుతుంటే వదిన గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"బాధగా ఉందా?"

"ఉంది. మళ్లీ పోల్చమన్నా అదే చెప్తా," అంటూ మరదలు మైక్రోస్కోపును బల్లమీద పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుంది.